మట్టల ఆదివారం గండి

కాన్యో ఓందో ఊళ్ళో దమారిస్ బుయెల్వాస్ పేరెత్తితే జనం ముందు నవ్వుతారు, ఆ తర్వాతే మాట్లాడతారు. ఆమె నోటికి జడిసి సినూ ఏట్లో మొసళ్ళు అవతలి గట్టుకి కాపురం మార్చాయని అక్కడి జాలర్ల హాస్యం. "మార్చక ఏం చేస్తాయ్? మంచి చెబితే వినే తెలివి వాటికుంది, మీకే లేదు" అంటుంది ఆమె. కానీ కట్ట తెగిన నాటి సంగతి వచ్చేసరికి మాత్రం ఎవరూ నవ్వరు. తీరిగ్గా కూర్చుని చెబుతారు. ఆ సంగతి చెప్పాలంటే ఆమె నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న పేరు ఎలీసెర్. ప్రెస్బిటేరియన్ పాస్టరు. పాస్టరంటే బంగళా, జీతం అనుకునేరు. మట్టిగోడల ఇల్లు, ఇంటి ముందు ఆకు కప్పిన చిన్న ప్రార్థనశాల, వారంలో ఆరు రోజులు కర్రపెండలం చేలో చాకిరీ. ఊళ్ళో మూడొంతుల మంది కతోలికులు. వాళ్ళ రాతి చర్చిని పెద్ద చర్చి అనీ, పాస్టరుగారి పాకని చిన్న చర్చి అనీ అనేవారు. పెద్ద చర్చి వాళ్ళ కొట్టు వేరు, చిన్న చర్చి వాళ్ళ కొట్టు వేరు. పిల్లల బంతాట జట్లు కూడా వేరే. ఆదివారం పొద్దున పెద్ద చర్చి గంట మోగడం మొదలవగానే చిన్న చర్చి మైకు పాట అందుకునేది. గంట ఆగితేనే మైకు ఆగేది. "మీ గోల పడలేక దేవుడు మధ్యాహ్నం దాకా చెవుల్లో దూది పెట్టుకుంటాడు" అని దమారిస్ తల్లి ఒతీలియా గొణుక్కునేది, మొగుడికి వినపడకుండా.

పాస్టరుగారికి ఆ కోపం ఊరికే రాలేదు. ఆయనకి ఇరవై దాటిన రోజుల్లో దేశమంతా పార్టీల పేర చంపుకుంది. ప్రొటెస్టెంటు అంటే ఇంట్లో దూరిన పామును చూసినట్టు చూసేవారు. సరిగ్గా అప్పుడే ఆయన తల్లి జ్వరంతో పోయింది. శవపేటిక భుజాన వేసుకుని శ్మశానానికి వెళితే గేటుకి తాళం. "మతం తప్పినవాళ్ళకి ఇక్కడ చోటు లేదు" అని చెప్పి అప్పటి ఫాదరు వెళ్ళిపోయాడు. తాళం వేసింది చర్చి పనులు చూసే పడుచువాడు ఫెర్మీన్ నెగ్రెతే. చాలాసేపు ఎండలో నిలబడి నిలబడి, చివరికి ఏటిగట్టున గొయ్యి తీసి తల్లిని అక్కడే పెట్టాడు ఎలీసెర్. ఆ వానాకాలమే ఏరు గట్టుని కోసుకుపోయింది. గట్టుతో పాటు ఆ గొయ్యీ పోయింది.

ఆనాటి నుంచి ఆయన ఏటి చేప ముట్టలేదు. చేపలు పట్టి బతికే ఊళ్ళో చేప వండని ఇల్లు అదొక్కటే. చుట్టుపక్కల పెనాల మీద బొకాచికో చేపలు వేగుతుంటే, దమారిస్ ఆ వాసన పీలుస్తూ ఉడకబెట్టిన పెండలం దుంపలు నమిలేది.

తాళం వేసిన ఫెర్మీన్ కాలక్రమాన పెద్దమనిషి అయ్యాడు. పెద్ద చర్చిలో జపమాల ఆయనే చెప్పించాలి. దోనెలు ఏ రోజు ఎటు వెళ్ళాలో జాలర్లకి ఆయనే చెప్పాలి. ఆయనా పాస్టరూ దారిలో ఎదురుపడితే ఒకరు ఆకాశం వంకా ఒకరు నేల వంకా చూసుకుంటూ తప్పుకునేవారు.

దమారిస్ టీచరు చదువుకి మోంతెరియా పట్నం వెళ్ళింది. హాస్టల్ గదిలో ఆమెకి తోడు బెత్సబే అనే పెంతెకొస్తు పిల్ల. పొద్దున్నే లేచి గొంతెత్తి ప్రార్థన చేసేది. ఆ అరుపులకి మిగతా ఆడపిల్లలు చెప్పులు విసిరేవారు. ఒక గురువారం సాయంత్రం ఆ బెత్సబే దమారిస్ చెయ్యి పట్టుకుని ఒక ఇంటి పెరట్లోకి లాక్కెళ్ళింది. అక్కడ పది మంది దాకా విద్యార్థులు ఉన్నారు. పొడుగ్గా, వాసంలా ఉన్న లా స్టూడెంటు ఒకడు పొయ్యి మీద కాఫీ పొంగించేసి ఒంటి మీద పడ్డ బూడిద దులుపుకుంటున్నాడు. అతని పేరు ఉబాల్డో.

"ఇది ఏ చర్చివాళ్ళ మీటింగు?" అంది దమారిస్, గుమ్మంలోనే ఆగి.

"ఏ చర్చిదీ కాదు. అందుకే మాకెవరూ కుర్చీలివ్వరు. ఆ గోడెక్కి కూర్చో."

అది క్రైస్తవ విద్యార్థి ఉద్యమం. కతోలికులు, ప్రెస్బిటేరియన్లు, పెంతెకొస్తులు, ఒక బాప్టిస్టు. కలిసి ఒక వాక్యభాగం చదివేవారు, దాని మీద జుట్లు పట్టుకునేంత పని చేసేవారు, శనివారం కాగానే అందరూ కలిసి ఊరి చివరి గుడిసెల్లో చదువు చెప్పడానికి పోయేవారు. ఆ రోజు మాట క్షమాపణ మీదికి మళ్ళింది. దమారిస్‌కి ఒళ్ళు మండింది. గోడ మీంచి దూకి ఉబాల్డో ముందు నిలబడింది.

"నువ్వు కతోలికుడివే కదా? మా నాయనమ్మకి ఆరడుగుల నేల ఇవ్వనివాళ్ళు మీవాళ్ళే. క్షమాపణ గురించి నువ్వు నాకు చెప్పకు."

అతను 'నేను కాదు, నాకేం తెలుసు' అంటాడని ఆమె ఎదురుచూసింది. అంటే ఏం తిట్టాలో కూడా ఆలోచించి పెట్టుకుంది.

"మావాళ్ళే. ఎవరో పేరు చెప్పు. అడగడానికి నేనూ నీతో వస్తాను" అన్నాడు ఉబాల్డో.

దమారిస్ సిద్ధం చేసుకున్న తిట్లు మింగేసి మళ్ళీ గోడెక్కింది. పుట్టాక అలా జరగడం అదే మొదలు. ఆ తర్వాత గురువారం ఎవరూ పిలవకుండానే వెళ్ళింది. కాఫీ పని మాత్రం ఉబాల్డో చేతిలోంచి లాగేసుకుంది.

ఆమె మూడో ఏడు చదువుతుండగా ఊళ్ళో కొంప మునిగింది. ఊరి వెనక పెద్ద మడుగుంది. వానాకాలంలో ఏటి నీళ్ళు ఒక కాలువ గుండా అందులోకి ఎక్కుతాయి, చేపలు గుడ్లు పెడతాయి. ఎండాకాలంలో నీళ్ళు తీస్తే ఆ ఒండులో జనం గుమ్మడి, మొక్కజొన్న వేసుకుంటారు. తాతల నాటి నుంచి అది అందరిదీ. పక్కనే వేల పశువులున్న ఆసామి, జనం గౌరవానికి 'డాన్' కలిపి పిలిచే ఎవారిస్తో, ఆ కాలువకి అడ్డంగా మట్టికట్ట పోయించాడు. నీళ్ళు రాకపోతే మడుగు ఎండుతుంది, ఎండితే అది మేత నేల, మేత నేలైతే తనది. అదీ లెక్క. ముళ్ళకంచె వేశాడు, తుపాకులిచ్చి కాపలా పెట్టాడు. ఏడాది తిరిగేసరికి మడుగు సగమైంది. వలలు వేస్తే తూడు తప్ప ఏమీ రావడం లేదు.

చట్టం ప్రకారం నీళ్ళు నిలిచే నేల ప్రజలది, ఒకడు కొనేదీ కాదు, ఇంకొకడు అమ్మేదీ కాదు. ఉబాల్డో ఆ సంగతి విప్పి చెప్పాడు. పెద్ద చర్చి వాళ్ళు ఒక అర్జీ పెట్టారు. చిన్న చర్చి వాళ్ళు ఇంకో అర్జీ పెట్టారు. ఆఫీసువాళ్ళు రెండూ చూసి, "ముందు మీలో మీరు ఒక మాట మీదికి రండి" అని పంపేశారు. డాన్ ఎవారిస్తోకి కావలసిందీ అదే.

"మనం కట్టతో పోట్లాడాలంటే ముందు ఊళ్ళో కట్ట తెంచాలి" అంది దమారిస్, గురువారం పెరట్లో. "ఈస్టరు ముందు తపస్సు కాలం సెలవులకి అందరూ మా ఊరు రండి. పనిచేద్దాం. కానీ ఒక షరతు. కతోలికులు చిన్న చర్చి ఇళ్ళల్లో దిగాలి. మిగతావాళ్ళు పెద్ద చర్చి ఇళ్ళల్లో దిగాలి."

"మమ్మల్ని రానిస్తారా?" అంది బెత్సబే.

"తిడతారు. తిట్టాక అన్నం పెడతారు. మా ఊరు నాకు తెలీదా?"

అలాగే అయింది. ఉబాల్డో పాస్టరుగారింట్లో దిగాడు. బెత్సబే ఏకంగా ఫెర్మీన్ ఇంట్లోనే దిగింది. ఆ ఇంటి గోడ నిండా పునీతుల పటాలు, మరియమ్మ పటం ముందు ఆరని దీపం. ఫెర్మీన్ భార్య నిన్ఫా ఆ పటం కిందే పక్క వేసి, ఈ పిల్ల ఏమంటుందో చూద్దామని నిలబడింది.

"భయమేస్తోందా అమ్మాయ్?"

"భయమెందుకు పెద్దమ్మా? మా పాస్టరు మొహం కన్నా ఈవిడ మొహం చల్లగా ఉంది" అంది బెత్సబే. నిన్ఫా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది.

పాస్టరుగారింట్లో వ్యవహారం అంత సులువుగా సాగలేదు. ఎలీసెర్ మొదటి రెండు రోజులూ ఉబాల్డోతో మాట్లాడకుండా చేతికి పార ఇచ్చి చేలో నిలబెట్టాడు. పట్నం చేతులు బొబ్బలెక్కాయి. దుంప లాగమంటే వెల్లకిలా పడ్డాడు. మూడో రోజు మధ్యాహ్నం నీళ్ళు తాగుతూ, "పాస్టరుగారూ, మీ అమ్మగారిని పెట్టిన చోటు ఎక్కడ?" అని అడిగాడు.

ఎలీసెర్ కత్తికి అంటిన మట్టి గట్టుకేసి గీరాడు. తర్వాత లేచి నడిచాడు. ఏరు వంపు తిరిగే దగ్గర ఆగి, "అదిగో, ఆ సుడి తిరిగే చోట ఉండేది గట్టు" అని నీళ్ళవైపు చెయ్యి చూపించాడు. ఉబాల్డో టోపీ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, సిలువ గుర్తు వేసుకుని, కతోలికులు చనిపోయినవాళ్ళ కోసం చెప్పే ప్రార్థన మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. ఎలీసెర్ సిద్ధాంతం ప్రకారం చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడం తప్పు. ఆయన అడ్డుపడలేదు. ఆ సాయంత్రం భార్యతో మాత్రం, "ఒతీలియా, ఇన్నాళ్ళకి పెద్ద చర్చివాడు ఒకడు మా అమ్మని పెట్టిన చోటు అడిగాడు" అన్నాడు. ఆ మాట తల్లి నోటి నుంచి విన్నాకే దమారిస్ నాన్న దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, మట్టల ఆదివారం ఊరేగింపుకి ఊరంతా మట్టలు పట్టుకుని దోనెల్లో కాలువ మీదుగా కట్ట దగ్గరికి పోదామనుకుంటున్నాం. రెండు చర్చిలూ కలిసి."

"మా అమ్మని ఏటికి వదిలేసినవాళ్ళతో ఒకే దోనెలోనా?"

"ఒకే దోనె అక్కర్లేదు. వాళ్ళ దోనె వాళ్ళది, మీ దోనె మీది. కాలువ ఒకటే కదా!"

"నీ నోటికి ఏదీ అడ్డులేదు."

"మీ కూతుర్నే కదా!"

ఆయన అవుననలేదు, కాదనలేదు. దమారిస్‌కి అది చాలు. అక్కణ్ణించి నేరుగా ఫెర్మీన్ ఇంటికి పోయింది. పుట్టాక ఆ గడప తొక్కడం అదే మొదలు. ఆయన వల అల్లుకుంటున్నాడు. తలెత్తలేదు.

"మీ నాన్న పంపాడా?"

"మా నాన్న పంపితే మీరు లోపలికి రానిచ్చేవారా డాన్ ఫెర్మీన్ గారూ?"

"రానివ్వను."

"అందుకే నా అంతట నేనే వచ్చాను."

ఆయన చేతులు ఆగాయి. "తాళం సంగతి అడగడానికి వచ్చావా?"

"అది మీరూ ఆయనా తేల్చుకోవలసింది. నేను కట్ట సంగతికి వచ్చాను. మీరు రాకపోతే జాలర్లు రారు. జాలర్లు రాకపోతే వచ్చే ఏడు ఈ వల దోమతెరకి పనికొస్తుంది."

నిన్ఫా లోపల్నుంచి అరిచింది. "పిల్ల సరిగ్గానే చెప్పింది, ఆ వల పక్కన పడేయవయ్యా!" వెంటనే ఒక పళ్ళెంలో బొప్పాయి తీపి, కందమూలం తీపి పెట్టుకుని బయటికి వచ్చింది. పవిత్ర వారం దగ్గర పడితే ఆ ఊళ్ళో ఇంటింటికీ తీపి పంచుకుంటారు, చిన్న చర్చి ఇళ్ళకి తప్ప. "మీ అమ్మకివ్వు. పళ్ళెం ఖాళీగా తిప్పి పంపొద్దని చెప్పు." పళ్ళెం ఖాళీగా తిరిగి రాలేదు. ఒతీలియా కొబ్బరి రొట్టెలు వేసి పంపింది. ఆ వారంలో రెండు వైపుల పళ్ళేలూ ఎన్నిసార్లు దారి దాటాయో లెక్కలేదు.

బేరం రేవు దగ్గర జరిగింది, ఊరి జనమంతా చూస్తుండగా. పాస్టరు ఒక దుంగ మీదా, ఫెర్మీన్ ఇంకో దుంగ మీదా కూర్చున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు, ఇద్దరూ దమారిస్‌కే చెబుతున్నారు.

"విగ్రహం వస్తే నేను రానని చెప్పు" అన్నాడు పాస్టరు.

"మైకు వస్తే నేను రానని చెప్పు" అన్నాడు ఫెర్మీన్.

"విగ్రహానికి ఈత రాదు, మైకుకి దోనెలో కరెంటు లేదు. రెండూ ఇంటి దగ్గరే ఉంటాయి. ఇంకేంటి?"

"మట్టల మీద తీర్థం చల్లకూడదు."

"చల్లకపోతే మట్టకీ చీపురుకీ తేడా ఏముంది?"

నిన్ఫాకి ఓపిక నశించింది. "కావలసినవాళ్ళు ఇంటి దగ్గర చల్లించుకుని రండి. దోనెక్కాక వాన పడితే అది రెండు చర్చిల నెత్తి మీదా పడుతుంది. మీ ఇద్దరికీ అరవై ఏళ్ళు వస్తున్నాయి, సిగ్గుండాలి!" జనం గొల్లుమన్నారు. పాస్టరు మూతి మీద కూడా నవ్వు కదిలి మాయమైంది. నెలకోసారి వచ్చే కొత్త ఫాదరు సంగతి విని, "నేను వినలేదు, చూడలేదు. గంట మాత్రం ఎంతసేపు కావాలంటే అంతసేపు కొట్టుకోండి" అన్నాడు.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. మట్టల ఆదివారానికి ఏరు గట్టు అంచు దాకా నిండింది. పొద్దున ఎండ రాగానే దోనెలు కదిలాయి. ప్రతి చేతిలో పచ్చటి మట్ట. ప్రతి దోనె అడుగున, మట్టల కింద, పారలూ గునపాలూ. దమారిస్ మొదటి దోనెలో నిలబడి గెడ వేస్తోంది. గెడ ఒక్కసారి కూడా తప్పు పడలేదు.

పాస్టరు పాట ఎత్తుకున్నాడు. చిన్న చర్చివాళ్ళు అందుకున్నారు. పెద్ద చర్చివాళ్ళకి ఆ పాట రాదు, బిత్తరచూపులు చూస్తున్నారు. దమారిస్ వెనక్కి తిరిగి, "నేనొక లైను చెబుతా, మీరు తిప్పి చెప్పండి! జపమాల చెప్పినట్టే!" అని కేకేసింది. అంతే, కాలువ దద్దరిల్లింది. రెండో పాట ఫెర్మీన్ ఎత్తుకున్నాడు. అది పాస్టరుకి వచ్చు. చిన్నప్పుడు తల్లి పాడగా విన్నాడట, మతం మారకముందు.

కట్ట మీద డాన్ ఎవారిస్తో మనుషులు అయిదుగురు తుపాకులతో నిలబడి ఉన్నారు. వాళ్ళ నాయకుడు చెయ్యెత్తాడు.

"ఆగండి! మీలో పెద్ద ఎవడు?"

"పెద్దాయన పైనున్నాడు. పోయి అడుగు" అన్నాడు ఫెర్మీన్. దోనెల్లో నవ్వులు మొదలయ్యాయి. నాయకుడి మొహం ఎర్రబడింది. దమారిస్ దోనె దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది.

"అన్నా, ఇది ఊరేగింపు. ఏటా చేసేదే. ఈ ఏడు దారి ఇటు పెట్టుకున్నాం. మా దగ్గర తుపాకులు లేవు. మీరు కాల్చాలనుకుంటే ముందు మొహాలు చూసుకోండి, అందులో మీ చుట్టాలు కూడా ఉన్నారు. ఈ కట్ట చట్టానికి విరుద్ధం. మేము తీసేస్తాం. మిమ్మల్ని ముట్టుకోం."

ఆమె మాట్లాడుతుండగానే ఫెర్మీన్ గట్టెక్కి మొదటి పార దింపాడు. ఒకడు తుపాకీ మడమతో ఆయన భుజం మీద మోదాడు. ఎముక విరిగిన చప్పుడు దోనెల దాకా వినిపించింది. ఆయన కూలబడ్డాడు. పార కట్టలో నిలువుగా గుచ్చుకునే ఉంది. దమారిస్‌కి ఆ క్షణమే జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది. మనవాళ్ళెవరో గునపం ఎత్తితే చాలు, ఆ రోజు నెత్తురు కాలువ అయ్యేది. "ఎవరూ చెయ్యి లేపొద్దు!" అని గొంతు చించుకుంది.

అప్పుడు ఎలీసెర్ గట్టెక్కాడు. తుపాకులవైపు చూడలేదు. ఫెర్మీన్ పక్కన కాసేపు వంగి, ఏదో అడిగి, తన కండువాతో భుజం కట్టాడు. లేచి ఆ గుచ్చుకున్న పార పట్టుకుని, అదే చోట తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వుతూనే పాట మళ్ళీ ఎత్తుకున్నాడు. ఒతీలియా ఎక్కింది. నిన్ఫా ఎక్కింది. బెత్సబే, ఉబాల్డో, జాలర్లు, ముసలమ్మలు. ఒకడు గాల్లోకి కాల్చాడు. పాట ఒక్క మాట తడబడి మళ్ళీ సర్దుకుంది. కాపలావాళ్ళలో ఇద్దరు తుపాకులు దించి పక్కకి జరిగారు. అంతమందిని చంపి ఊళ్ళోకి ఎలా పోవాలో వాళ్ళకి తెలీలేదు.

నీళ్ళకి జానెడు దారి చూపిస్తే చాలు, మిగతాది అవే చూసుకుంటాయి. గండి కళ్ళముందే దోనె వెడల్పు, తర్వాత రెండు దోనెల వెడల్పు అయింది. ఏరు ఎర్రగా, నురగలు కక్కుతూ మడుగులోకి దూకింది. జనం మట్టలు ఆ నీళ్ళలోకి విసిరారు. ఒడ్డున నిలబడి కొందరు ఏడ్చారు, కొందరు ఎగిరి గంతులేశారు.

మధ్యాహ్నానికల్లా పట్నం నుంచి పోలీసులు వచ్చి నలుగురిని పట్టుకుపోయారు. దమారిస్, ఉబాల్డో, పాస్టరు, భుజానికి కట్టుతో ఫెర్మీన్. ఆమెని ఒక గదిలోనూ మగాళ్ళని పక్క గదిలోనూ పెట్టారు. మధ్య గోడ పైకప్పు దాకా లేదు. అందుకే ఆ రెండో రోజు జరిగిన మాటలు ఆమె చెవిన పడ్డాయి.

"ఎలీసెర్" అన్నాడు ఫెర్మీన్. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఫాదరు చెప్పాడనే తాళం వేశాను. అది నిజమే. కానీ ఫాదరు వెళ్ళిపోయాక కూడా మీరు అక్కడే నిలబడి ఉన్నారు. తాళంచెవి నా జేబులోనే ఉంది. తీయొచ్చు. తీయలేదు."

దమారిస్ గోడకి దగ్గరగా జరిగింది.

"తెలుసు" అన్నాడు పాస్టరు. "నాకు కోపం నీ మీద ఎంతో నా మీదా అంతే. ఆ శ్మశానం గోడ నడుమెత్తు కూడా లేదు. పేటికతో దాటొచ్చు. నాకూ భయమేసింది." కాస్త ఆగి, "చెయ్యి సలుపుతోందా?" అన్నాడు.

"సలుపుతోంది."

"ఇటు తిరిగి పడుకో. ఈ చొక్కా తల కింద పెట్టుకో."

మర్నాడు ఒతీలియా, నిన్ఫా ఒకే గిన్నెలో కొబ్బరి అన్నం, వేయించిన బొకాచికో తెచ్చారు. మగాళ్ళని తినడానికి వరండాలోకి తెచ్చారు, కటకటాల్లోంచి దమారిస్ చూస్తూనే ఉంది. ఎలీసెర్ పళ్ళెం వంక చూశాడు. నిన్ఫా, "కొత్త నీళ్ళతో మడుగులోకి ఎక్కిన చేప, పాస్టరుగారూ" అంది. ఆయన ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలి, "ముళ్ళెక్కువ" అన్నాడు. రెండో ముక్క తీసుకున్నాడు.

బయట గోల పెరిగింది. బర్రాంకియా నగరం నుంచి, రాజధాని నుంచి ఉద్యమం విద్యార్థులు బస్సుల్లో దిగి ఠాణా ముందు మట్టలు పట్టుకుని కూర్చున్నారు. ఎండకి ఎండారు, వానకి తడిశారు, లేవలేదు. బిషప్పు ఫోను చేశాడు, ప్రెస్బిటేరియన్ పెద్దలు ఫోను చేశారు. ముక్కూ మొహం తెలీని దేశాల నుంచి విద్యార్థులు టెలిగ్రాములు కొట్టారు. పవిత్ర శనివారం పొద్దున నలుగురినీ వదిలేశారు. మడుగు ప్రజలదని ప్రభుత్వం కాగితం ఇవ్వడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. డాన్ ఎవారిస్తో కోర్టుల చుట్టూ తిరిగాడు గానీ, కట్ట మళ్ళీ పోయలేదు. పోయడానికి ఆ ఊళ్ళో కూలీ దొరకలేదు.

దమారిస్‌ని కాలేజీ ఒక ఏడాది బయట పెట్టింది. ఆమె ఆ ఏడాదంతా ఊళ్ళో జాలర్లకి రాత్రిబడి నడిపి, తిరిగి వెళ్ళి చదువు ముగించి, సొంత ఊరి బడికే టీచరై వచ్చింది. ఉబాల్డోని చేసుకుంటుందని అందరూ అనుకున్నారు. "వాడికి కాఫీ కాయడం కూడా రాదు" అని కొట్టిపారేసి, మోటారుపడవ నడిపే శాంతమైన మనిషిని చేసుకుంది. ఉబాల్డో లాయరై ఊరి కేసులన్నీ చూశాడు. ఫెర్మీన్‌ని ఆమె ఎప్పుడు 'పెదనాన్నా' అనడం మొదలుపెట్టిందో ఎవరికీ గుర్తు లేదు. ఆ ముసలివాళ్ళిద్దరూ సాయంత్రాలు డామినో ఆడుకునేవారు. మరియమ్మ గురించి ఒక్కనాడూ ఒప్పుకోలేదు, ఆట మానలేదు. ఇద్దరూ మోసం చేసేవారే.

ఆ తర్వాత తుపాకుల కాలం మళ్ళీ వచ్చింది, ఈసారి యూనిఫారాల్లేని ముఠాల తుపాకులు. దమారిస్ బడిలో మాట్లాడే తీరు వాళ్ళకి నచ్చలేదు. పిల్లల్ని తీసుకుని బర్రాంకియా పారిపోవలసి వచ్చింది. అక్కడ ఆమె ఊరికే కూర్చోలేదు. తనలాగే ఊళ్ళు వదిలి వచ్చిన ఆడవాళ్ళని కూడగట్టి, ఒక చర్చి వరండాలో బడి పెట్టింది, ఇంకో చర్చి వంటశాలలో వంట పెట్టింది. ఏ చర్చి ఏదో ఎవరూ అడగలేదు. నాలుగేళ్ళకి దారి తెరిపిన పడగానే ఊరికి మొదటి పడవలో తిరిగి వచ్చినవాళ్ళలో ఆమె ఉంది. తలుపులు ఊడిపోయిన బడిలో మర్నాడే పలక పట్టుకుంది.

ఇప్పుడు ఆమె రిటైరైంది. మోకాళ్ళు నొప్పులు, నోరు మాత్రం ఇంకా పాతికేళ్ళదే. ఏటా తపస్సు కాలంలో ఉద్యమం పిల్లలు వస్తారు. మొన్నటి ఏడు కూడా వచ్చారు. ప్రభుత్వంతో శాంతి ఒప్పందం తర్వాత అడవి నుంచి తుపాకులు దింపి వచ్చిన తిరుగుబాటుదారులతో కలిసి మడుగు గట్టున మొక్కలు నాటే పని. వాళ్ళతో కలిసి పనిచేయాలా వద్దా అని ఊళ్ళో కొందరూ, విద్యార్థుల్లో కొందరూ పెద్ద గొడవ పెట్టుకున్నారు. ఒక అమ్మాయి ఏడుపు ముఖంతో ఆమె దగ్గరికి వచ్చింది.

"టీచర్, మీరు చెప్పండి. ఎవరిది న్యాయం?"

దమారిస్ ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తింది. "నేను చెబితే మీరు నా మాట మోస్తారు. మీ మాట మీరు తేల్చుకోండి. ఆ వచ్చినవాళ్ళని కూడా కూర్చోబెట్టుకోండి, వాళ్ళు లేకుండా వాళ్ళ గురించి కాదు. వంటయ్యేలోగా తేలకపోతే తిన్నాక మళ్ళీ మొదలెట్టండి. పొద్దుటికి మొక్కలు మాత్రం నేలలో ఉండాలి, వాన ఎవరి కోసమూ ఆగదు."

పిల్లలు పెరట్లోకి వెళ్ళి అరుచుకోవడం మొదలుపెట్టారు. ఆమె గిన్నెలో నీళ్ళు ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసింది. తినడానికి ఎంతమంది వస్తారో అప్పటికి తేలలేదు.